పటాలం జేజినాయన సర్వీసు: ప్రాజెక్టు డైరీ

మొదలు: చేతిలో ఉన్నవి

కర్నూలు జిల్లా ఆలూరు వైపు ఒక ఇంటివాళ్ళు అడిగిన పని ఇది. వాళ్ళ జేజినాయన (తాత) వయసంతా పటాలంలోనే గడిపినాడు. ఇంట్లో ఆయన గురించి చెప్పుకునేది ఒకే మాట: "బర్మా యుద్ధంలో సుబేదారుగా పనిచేసి, పించినీతో ఊరికొచ్చినాడు." బర్మా, సుబేదారు, పించిని మూడూ వేరువేరు సంగతులు. దేని రుజువు దానికి కావాల్సిందే.

దొరికినవి: నల్ల ఇనుప ట్రంకు పెట్టె, నాలుగు పతకాలు, ఒక పక్క చెదలు తిన్న డిశ్చార్జి పుస్తకం, పెన్షన్ పేమెంట్ ఆర్డరు (పీపీఓ) ముక్క, మనియార్డరు కూపన్లు కొన్ని, స్టూడియో ఫోటో ఒకటి, డీకేటీ పట్టా (ప్రభుత్వం కేటాయించిన భూమికి ఇచ్చేది) జిరాక్సు. పట్టా అసలు కాగితం లేదు. జిరాక్సులో కింది భాగం, అంటే తేదీ, సంతకం ఉండే చోటు, కోసుకుపోయింది.

ముందుగా ఒక షీటు తయారైంది. ఒక్కో సంఘటనకు ఒక్కో వరుస. గడులు: 'దీని తర్వాత', 'దీనికి ముందు', ఎక్కడ, ఏమి, ఏ కాగితం, ఆ కాగితం ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు. తేదీకి ఒకే గడి పెట్టుకుంటే అందులో ఊహలు వచ్చి కూర్చుంటాయి. రెండు హద్దులు పెట్టుకుంటే తెలిసినంతే రాయగలం. చివరి రెండు గడులు చాలామంది వదిలేస్తారు గానీ, కాగితాలు ఒకదానితో ఒకటి పోట్లాడినప్పుడు తీర్పు చెప్పేవి అవే.

పెట్టె, నంబరు

సైనికుడి వివరం వెతకాలంటే పేరు కంటే నంబరు ముఖ్యం. మన సీమ పేర్లు పటాలం రిజిస్టర్లలో ఇంటిపేరు లేకుండా ఒంటిపేరుగానే ఎక్కాయి. ఒకే తాలూకా నుంచి ఒకే దళంలో ముగ్గురు హనుమంతప్పలు ఉండొచ్చు. ఒకాయనే ఒకచోట అప్ప, ఇంకోచోట అన్న, మరోచోట అయ్య కూడా కావచ్చు. నంబరు దొరికేదాకా ఏ ఆఫీసుకూ అర్జీ పెట్టకపోవడం మేలు.

నంబరు వెతకాల్సిన చోట్లు: ట్రంకు మూత మీద తెల్ల రంగుతో రాసిన అక్షరాలు, పతకం అంచు, డిశ్చార్జి పుస్తకం మొదటి పేజీ, పీపీఓ. ట్రంకు మీద తర్వాతెప్పుడో ఆకుపచ్చ రంగు కొట్టారు. గీకకూడదు. గదిలో లైట్లు ఆర్పి, టార్చిని మూతకు ఆనించినట్టు పక్కనుంచి వేస్తే, కింది రంగు మందంగా ఉన్నచోట అక్షరం నీడ తేలుతుంది. నాలుగు దిక్కుల నుంచీ నాలుగు ఫోటోలు తీయాలి. ఒక దిక్కున 8లా కనపడింది, ఇంకో దిక్కున 3 అని తేలుతుంది.

పెట్టె మీద ఉన్నది రెండో నంబరు: ముందు 'జేసీ' అన్న రెండక్షరాలు. పతకం అంచు మీద అలాంటి అక్షరాల్లేవు, అంకెలే. ఇద్దరు మనుషులని ఇంట్లోవాళ్ళు కంగారు పడ్డారు గానీ ఇది మామూలే. సిపాయి నుంచి హవల్దారు దాకా ఒక నంబరు. జూనియర్ కమిషన్డ్ ఆఫీసరు అయినప్పుడు జేసీతో కొత్త నంబరు. రికార్డాఫీసుకు రాసేటప్పుడు రెండూ రాయాలి. ఒక్కటే రాస్తే ఆయన జీవితంలో సగమే వాళ్ళకు దొరుకుతుంది.

పతకాలు

అన్నిటికంటే ముందు చెప్పాల్సిన సంగతి: తోమొద్దు. చింతపండు, బూడిద, బ్రాసో ఏదీ తగలకూడదు. పతకం విలువైన భాగం ముందువైపు రాజు బొమ్మ కాదు, అంచు. రెండో ప్రపంచ యుద్ధం పతకాలు బ్రిటిష్ సైనికులకు పేర్లు లేకుండా ఇచ్చారు. భారత సైనికులకు ఇచ్చినవాటి మీద మాత్రం చాలావరకు నంబరు, ర్యాంకు, పేరు, దళం ఉంటాయి. ప్రతి దసరాకూ తోమిన పతకం మీద ఆ అక్షరాలే మొదట అరిగిపోతాయి. అంచు మీద పలచటి కాగితం చుట్టి, మెత్తని పెన్సిలును పడుకోబెట్టి రుద్దితే కంటికి ఆనని అంకెలు కూడా పడతాయి. గుండ్రటి అంచును ఫోటో తీయడం కష్టం కాబట్టి రుద్దుడు కాగితమే స్కాన్ చేశాం.

నాలుగింటిలో మొదటిది బర్మా స్టార్. 1941 డిసెంబర్ 11 నుంచి 1945 సెప్టెంబర్ 2 మధ్య ఆ రంగంలో పనిచేసినవాళ్ళకు ఇచ్చింది. ఇంటివాళ్ళ మాటలో 'బర్మా' ఇక్కడ నిలబడింది. రెండోది వార్ మెడల్, వెనక రెండు తలల డ్రాగన్ మీద సింహం నిలబడి ఉంటుంది. యుద్ధకాలంలో 28 రోజులు సర్వీసులో ఉంటే చాలు కాబట్టి ఇది పెద్దగా ఏమీ చెప్పదు. మూడోది ఇండియా సర్వీస్ మెడల్, వెనక భారతదేశం పటం. చూపుకు సాదా, కానీ మన పనికి అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఇదే. 1939 సెప్టెంబర్ 3కూ 1945 సెప్టెంబర్ 2కూ మధ్య మూడేళ్ళు, యుద్ధరంగం బయట చేసిన సర్వీసుకు ఇచ్చేది. వెనక్కి లెక్కేస్తే ఆయన చేరింది 1942 సెప్టెంబరు లోపలే. బర్మాలో గడిపిన కాలం ఈ మూడేళ్ళలోకి రాదు కాబట్టి ఇంకా ముందే చేరి ఉండాలి. నాలుగోది కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రిబ్బను ఉన్న ఇండియన్ ఇండిపెండెన్స్ మెడల్: 1947 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నాడు.

వార్ మెడల్ అంచు మీద ర్యాంకు నాయక్, అంటే సుబేదారుకు చాలా కింది మెట్టు. సుబేదారు మాట ఇక్కడ ఊగింది. అయినా తొందరపడి కొట్టేయలేం. యుద్ధంలో తాత్కాలికంగా ఇచ్చిన పై ర్యాంకులు యుద్ధం అయ్యాక వెనక్కి పోయేవి. షీటులో 'నాయక్ (అంచు)' అని మాత్రమే ఎక్కింది.

ఇలాంటి పనిలో ఉన్న ఇతరులకు: 1965, 1971 కాలం వాళ్ళయితే చూడాల్సినవి సమర్ సేవా స్టార్, రక్షా మెడల్, పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్. పూర్వీ అంటే తూర్పు రంగం, పశ్చిమీ అంటే పడమటి రంగం. ఒకే మనిషి ఎక్కడున్నాడో ఈ రెండింటితోనే తేలుతుంది.

డిశ్చార్జి పుస్తకం తెరవడం

కర్నూలు ఎండకు కాగితం పెళుసైపోతుంది. మడత విప్పితే అక్కడికి తెగుతుంది. మూత ఉన్న ప్లాస్టిక్ టబ్బు అడుగున తడిపి పిండిన గుడ్డ, దాని మీద ఎత్తుగా జల్లెడ, జల్లెడ మీద కాగితం. మూతపెట్టి కొన్ని గంటలు వదిలేస్తే మెత్తబడుతుంది. దీనికో షరతు ఉంది. పటాలం గుమాస్తాలు కాపీయింగ్ పెన్సిలు బాగా వాడారు. చూడటానికి మామూలు పెన్సిలు గీతలాగే ఉంటుంది, తేమ తగిలితే ఊదాగా మారి పారుతుంది. రబ్బరు స్టాంపుల సిరా కూడా అంతే. ముందు ఒక మూల అక్షరం మీద, ఎవరికీ అక్కర్లేని చోట, తడి దూది మొనతో తాకి చూడాలి. ఊదా రంగు లేస్తే టబ్బు ఆలోచన మానేసి, మడతతోనే ఎంత కనపడితే అంత ఫోటో తీసుకోవడం ఉత్తమం. ఈ పుస్తకంలో రెండు పేజీలకు అలాగే చేశాం.

సెల్లోటేపు వద్దు, లామినేషన్ అసలే వద్దు. చెదలు తిన్న అంచులకు మద్దతుగా యాసిడ్ లేని కాగితం మడతలో పెట్టాలి. అది దొరక్కపోతే ఉతికి ఆరేసిన తెల్ల మల్లు గుడ్డ సరిపోతుంది.

స్కాన్ 600 డీపీఐ, రంగుల్లో, టిఫ్ ఫైలుగా. నలుపు తెలుపులో తీస్తే సగం సమాచారం అక్కడే పోతుంది. వెలిసి గోధుమరంగుకు తిరిగిన సిరా, ఫోటో ఎడిటింగ్ యాప్‌లో నీలం చానల్ ఒక్కటే ఉంచితే ముదురుగా కనిపిస్తుంది. ఊదా స్టాంపుకు ఆకుపచ్చ చానల్ పనిచేస్తుంది. పై కవరు లోపలి స్టాంపు ఇలాగే తేలింది: దళం మద్రాస్ సాపర్లది (సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసేవాళ్ళు), బెంగళూరు.

వయసు గడిని నమ్మకూడదు. చేరినప్పుడు చూపుకు ఎంతని తోస్తే అంత వేసేవాళ్ళు, కుర్రాడు ఒకటి రెండేళ్ళు పెంచి చెప్పేవాడు. ఎత్తు, ఛాతీ కొలత, పుట్టుమచ్చలు మాత్రం నమ్మదగినవి, ఎందుకంటే వేరేవాడు వచ్చి జీతం తీసుకోకుండా ఉండటానికే అవి రాసుకున్నారు.

పేరు మారిన తేదీలు

ఈ ప్రాజెక్టులో అసలు పని నడిచింది ఇక్కడే. పుస్తకంలో చేరిన తేదీ, విడుదలైన తేదీ రెండూ చెదల పాలయ్యాయి. మిగిలినవి అడ్రసులు, ర్యాంకు. వాటితోనే తేదీలు కట్టాలి.

చేరినప్పటి అడ్రసు: ఆలూరు తాలూకా, బళ్ళారి జిల్లా. దీన్ని చూసి కర్ణాటకలో ఊరు వెతికేవాళ్ళు ఉన్నారు, అక్కర్లేదు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్ళారి జిల్లాలోవే. ఆ రోజు ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాకు, రాయదుర్గం అనంతపురానికి వచ్చాయి. అదే పుస్తకం చివర్లో, విడుదలయ్యాక ఉండబోయే అడ్రసు గడిలో, అదే ఊరు, అదే తాలూకా, జిల్లా మాత్రం కర్నూలు.

రెండు అడ్రసులకూ ఒకే బరువు ఇవ్వకూడదు. పాత పేరు అలవాటుకొద్దీ ఏళ్ళ తరబడి సాగుతుంది. గుమాస్తా పాత షీట్ రోల్ (సిపాయి సర్వీసు వివరాల కాగితం) చూసి దించేస్తాడు. కాబట్టి 'బళ్ళారి' అని ఉన్నంత మాత్రాన 1953కు ముందు రాసిందని చెప్పలేం. కొత్త పేరు మాత్రం పుట్టకముందే కాగితం ఎక్కదు. 'కర్నూలు జిల్లా, ఆలూరు తాలూకా' అని ఉంటే అది 1953 అక్టోబర్ 1 తర్వాతిదే. అంటే విడుదల ఆ తర్వాతే.

పై హద్దు ర్యాంకు ఇచ్చింది. విడుదలనాటి ర్యాంకు జమేదార్. 1965లో ఆ పేరు తీసేసి నాయబ్ సుబేదార్ అన్నారు. ఊళ్ళో, అర్జీల్లో 'జమేదారు' మాట ఆ తర్వాత కూడా నడిచింది, దాన్ని లెక్కలోకి తీసుకోలేం. కానీ డిశ్చార్జి పుస్తకంలో ర్యాంకు గడి ప్రకారమే పింఛను కడతారు కాబట్టి అక్కడ పాత అలవాటు చెల్లదు. ఆయన ఊరికొచ్చింది 1953 అక్టోబరుకూ 1965కూ మధ్య. సుబేదారు అన్న మాట కూడా ఇక్కడే సర్దుకుంది. జమేదారు మీది మెట్టు సుబేదారు. ఆయన అక్కడిదాకా వెళ్ళలేదు, జమేదారు కావడం కూడా బర్మా తర్వాతే కావచ్చు.

అచ్చయిన ఫారాల మీది పేర్లతో జాగ్రత్త. 'రాయల్' అన్న మాట 1950 జనవరి 26 నుంచి దళాల పేర్లలో లేదు. అయినా పాత ఫారాల కట్టలు అయిపోయేదాకా ఆఫీసులు వాడుకున్నాయి. అచ్చు తలకట్టు తేదీకి సాక్ష్యం కాదు, దాని మీద చేత్తో రాసిందీ కొట్టిన స్టాంపూ సాక్ష్యం.

ఇదే పద్ధతి మిగతా సీమ కుటుంబాలకూ పనికొస్తుంది. మదనపల్లె 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా కడప జిల్లాలోది. అనంతపురం 1882లో బళ్ళారి నుంచి విడిపోయింది. మార్కాపురం, గిద్దలూరు 1970లో ఒంగోలు జిల్లాకు (1972 నుంచి ప్రకాశం) పోయేదాకా కర్నూలువి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022లో నంద్యాల, అన్నమయ్య, శ్రీ సత్యసాయి జిల్లాలు వచ్చాయి. కడప ఇంగ్లీషు స్పెల్లింగు 2005లో మారింది. అంతకుముందువాటిలో వెతికితే రెండు 'డి'లు, చివర 'హెచ్' ఉన్న పాత స్పెల్లింగు కొట్టాలి. యుద్ధంలో చనిపోయినవాళ్ళ కోసం కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో చూసేటప్పుడు ఇది మరీ అవసరం. అందులో కొందరికి తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఇస్తారు.

డబ్బు కాగితాలు

ఇంట్లో పతకాలను దేవుడి పటం పక్కన పెట్టి, మనియార్డరు కూపన్లను గోనెసంచిలో వేస్తారు. పని చేసేవాళ్ళకు విలువ తలకిందులు. కూపన్ మీద పంపిన పోస్టాఫీసు ముద్ర, తేదీ, ఒక్కోసారి రెండు ముక్కల కబురు ఉంటాయి. యుద్ధకాలం ముద్రల్లో ఊరి పేరుండదు, ఫీల్డ్ పోస్టాఫీసు నంబరే ఉంటుంది. ఏ నంబరు ఏ నెలలో ఎక్కడుందో సైనిక తపాలా ముద్రలు సేకరించేవాళ్ళు పట్టికలు తయారుచేశారు. నంబరుతోపాటు తేదీ కూడా కావాలి, ఎందుకంటే ఆ పోస్టాఫీసు దళంతోపాటే కదిలేది. స్వాతంత్ర్యం తర్వాతి కవర్ల మీద '56 ఏపీఓ' (ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు) ఉంటే ఢిల్లీ మీదుగా, '99 ఏపీఓ' ఉంటే కలకత్తా మీదుగా వచ్చిందని అర్థం. ఈ ఇంట్లో దొరికినవాటిలో రెండూ ఉన్నాయి, అంటే ఆయన ఒకే వైపు ఉండిపోలేదు.

పీపీఓకు రెండు భాగాలు. ఒకటి పింఛనుదారు చేతిలో, రెండోది చెల్లించే చోట, అప్పట్లో ఖజానాలో. ఇంట్లోది చిరిగినా ఆ రెండోదాని మీద అదే నంబరు, గుర్తింపు మచ్చలు, వేలిముద్ర ఉంటాయి. ఇప్పుడు సైనిక పింఛన్ల పని ప్రయాగ్‌రాజ్‌లోని ప్రధాన నియంత్రణ కార్యాలయం, స్పర్శ్ పోర్టల్ మీదుగా నడుస్తోంది. ఆయన భార్యకు కుటుంబ పింఛను వచ్చి ఉంటే, ఆ కాగితం ఇంకా కొత్తది, దొరికే అవకాశం ఎక్కువ, అందులో భర్త నంబరు, ర్యాంకు తప్పకుండా ఉంటాయి.

ఇంట్లో పించిని అన్న మాట పీపీఓ ముక్కతోనే నిలబడింది. మామూలు సిపాయికి సర్వీసు పింఛనుకు 15 ఏళ్ళు కావాలి. 1942 లోపల చేరి 1953 తర్వాత దిగినవాడికి ఈ లెక్క కుదరాలంటే, విడుదల 1953 చివర్లో అయితే చేరింది 1938 చివరికల్లా అయి ఉండాలి. చేరింది 1942 అయితే విడుదల 1957కు ముందు కాదు. కొంత కాలం రిజర్వులో ఉంటే ఈ లెక్క మారుతుంది, అప్పుడు ఆయన ఊళ్ళో ఉన్నా పటాలం మనిషే. ఇది లాంగ్ రోల్ (మనిషికో వరుస చొప్పున దళం ఉంచుకునే రిజిస్టరు) చూస్తే గానీ తేలదు.

ఫోటో

చేతి మీద మూడు పట్టీలు: హవల్దారు. ఒకటైతే లాన్స్ నాయక్, రెండైతే నాయక్. తల మీద మద్రాస్ సాపర్ల దుప్తా, ఇంకెవరూ పెట్టుకోని టోపీ అది. దళం విషయంలో స్టాంపు చెప్పినదానికి రెండో సాక్ష్యం. ఛాతీ మీద రిబ్బన్లున్నాయి గానీ నలుపు తెలుపులో రంగులు పోల్చలేం, వరుసలో ఎన్ని ఉన్నాయో మాత్రం లెక్కపెట్టొచ్చు. ఫ్రేము విప్పితే అట్ట వెనక స్టూడియో ముద్ర ఉండొచ్చు. ఫోటో అద్దానికి అతుక్కుని ఉంటే విప్పకూడదు. జెలటిన్ పొర అద్దంతో ఊడివస్తుంది. దీన్ని అద్దంతోనే స్కాన్ చేశాం.

పట్టా

మాజీ సైనికుల కోటాలో ఇచ్చిన డీకేటీ భూమి ఇది. మన పనికి పట్టా కంటే దాని వెనకున్న ఫైలు ముఖ్యం. మాజీ సైనికుడినని అర్జీదారు రుజువు చూపాల్సిందే కాబట్టి ఫైల్లో డిశ్చార్జి పుస్తకం నకలు ఉండే అవకాశం ఉంది, అది చెదలు తినని నకలు కావచ్చు. తహసీల్దారు ఆఫీసులో సర్వే నంబరుతో అసైన్‌మెంట్ రిజిస్టరు అడగాలి, సంవత్సరం తెలియకపోతే పాత అడంగల్ చూసి ఆయన పేరు మొదటిసారి ఎక్కిన ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) పట్టుకోవాలి. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం. ఫసలీ జూలైలో మొదలవుతుంది కాబట్టి జనవరి నుంచి జూన్ దాకా అయితే 591. తాలూకా విడిపోయి మండలాలైనప్పుడు పాత రిజిస్టర్లు ఎక్కడికి చేరాయో మాత్రం అడిగి తెలుసుకోవడమే.

కర్నూలు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మాజీ సైనికుల నమోదు ఉంటుంది. ఇంటివాళ్ళలో ఒకరు వెళ్ళి అడిగితే జవాబు వేగం వేరు.

రికార్డాఫీసుకు అర్జీ

సర్వీసు కాగితాలకు గడువుంది: పింఛను లేనివాళ్ళవి 25 ఏళ్ళు, పింఛనుదారులవి 50 ఏళ్ళు. ఈయన 1965కు ముందే దిగినాడు కాబట్టి ఆ 50 ఏళ్ళు 2015కల్లా ముగిశాయి. "పూర్తి సర్వీసు రికార్డు ఇవ్వండి" అని రాస్తే "గడువు తీరి నాశనం చేశాం" అని ఒక లైను జవాబు వస్తుంది, దాంతో చాలామంది అక్కడే ఆపేస్తారు. అడగాల్సింది లాంగ్ రోల్ నకలు. కాగితాలు తగలబెట్టినా ఆ రిజిస్టరు ఉంచుతారు. ఒక మనిషికి ఒక్క వరుసే అయినా మనకు కావాల్సిన చేరిన తేదీ, విడుదల తేదీ ఆ వరుసలోనే ఉంటాయి. షీట్ రోల్, కిండ్రెడ్ రోల్ కూడా ఉన్నాయేమో అదే అర్జీలో అడగాలి. కిండ్రెడ్ రోల్ అంటే కుటుంబసభ్యుల జాబితా, ఉంటే ముత్తాత పేరు దాకా వెళ్ళొచ్చు.

అర్జీ బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ (మద్రాస్ సాపర్ల అధికారిక పేరు) రికార్డ్స్‌కు. ఇతర దళాలయితే చోటు వేరు: మద్రాస్ రెజిమెంటుకు వెల్లింగ్టన్, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, ఆర్మీ మెడికల్ కోర్‌కు లక్నో, ఈఎంఈకి (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల దళం) సికింద్రాబాద్. మద్రాస్ రెజిమెంటు అనుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక: దాని రెగ్యులర్ బెటాలియన్లు 1920లలోనే రద్దయి, రెండో ప్రపంచ యుద్ధంలో మళ్ళీ లేచాయి. 1930లలో చేరిన తెలుగువాడు 'మద్రాస్' అంటే ఎక్కువగా సాపర్లే అయి ఉంటారు.

జతచేసినవి: రెండు నంబర్లు, పేరు అన్ని రూపాల్లో, రెండు అడ్రసులు, పుస్తకం స్కాన్, పతకం అంచు రుద్దుడు, మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. మామూలు అర్జీకి జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు: రుసుము 10 రూపాయలు, పేజీకి 2 రూపాయలు, గడువు 30 రోజులు. వ్యక్తిగత సమాచారం అని తిరగ్గొడితే, 20 ఏళ్ళు దాటిన సంగతులకు ఆ మినహాయింపు వర్తించదన్న సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(3)ను మొదటి అప్పీలులో చూపాలి.

షీటు ఇవాళ్టికి

చేరిక: 1942 సెప్టెంబరుకు ముందు. బర్మా: 1941 డిసెంబర్ నుంచి 1945 సెప్టెంబర్ మధ్య కొంత కాలం, ఖాయం. నాయక్, హవల్దార్, జమేదార్: వరుస ఖాయం, తేదీలు ఖాళీ. విడుదల: 1953 అక్టోబర్ తర్వాత, 1965కు ముందు. పింఛను: ఖాయం.

బర్మాలో ఏ ఫీల్డ్ కంపెనీ అన్నది ఇంకా ఖాళీ గడి. అది లాంగ్ రోల్‌లో ఉండకపోవచ్చు. ఫీల్డ్ పోస్టాఫీసు నంబర్లలో ఒకదానికి తేదీ చదవగలిగేలా ఉంది. దాన్ని పట్టికతో సరిపోల్చి చోటు పట్టుకుంటే, లండన్‌లో క్యూ (Kew) ప్రాంతంలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూ ఓ 172 వరుసలో ఉన్న ఆగ్నేయాసియా యుద్ధ డైరీల నుంచి ఆ నెల అక్కడున్న సాపర్ కంపెనీలను ఏరొచ్చు. డైరీల్లో సిపాయిల పేర్లు అరుదు, కంపెనీ కదలికలే ఉంటాయి, మనకు కావాల్సిందీ అవే. తర్వాతి పని ఆ కూపన్‌ను ఆకుపచ్చ చానల్‌లో మళ్ళీ స్కాన్ చేయడం, నంబరులో మూడో అంకె 0 అవునో 6 అవునో తేల్చడం.